వయొలిన్ ఖాళీలో మాండలిన్

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు పెళ్ళిళ్ళకు ఆర్కెస్ట్రా కట్టేవాళ్ళకు ఒక కష్టం అనుభవమే. కీబోర్డు కుర్రాడికి బెంగుళూరులో ఉద్యోగం వస్తుంది, రైలెక్కేస్తాడు. ఇక అచ్చం అతనిలాగే వాయించేవాడి కోసం వేట. దొరకడు!

జాన్ మెక్‌లాఫ్లిన్‌కూ ఇదే చిక్కు వచ్చింది. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి రాక్‌నీ జాజ్‌నీ కలిపేసిన ఇంగ్లిష్ గిటారిస్టు ఈయన. తర్వాత ఎల్.శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటంతో ‘శక్తి’ బృందాన్ని నడిపారు. అది 1970ల చివర్లో ఆగిపోయింది. 1997లో ‘రిమెంబర్ శక్తి’గా మళ్ళీ మొదలైతే శంకర్ రాలేదు. మొదట హరిప్రసాద్ చౌరాసియా వేణువు వచ్చింది. ఆ తర్వాత ఎవరనుకున్నారు? మన పాలకొల్లులో పుట్టిన యు.శ్రీనివాస్! విక్కు కొడుకు సెల్వగణేశ్ కంజిరా పట్టారు. ఈ నలుగురి కచేరీల రికార్డే 2000లో వచ్చిన ‘ది బిలీవర్’ ఆల్బమ్.

శ్రీనివాస్ పుట్టపర్తిలోనూ కచేరీలు చేశారు కాబట్టి ఆ మాండలిన్ నాదం మన ప్రాంతం వాళ్ళకు కొత్త కాదు. నిజానికి కర్ణాటక సంగీతానికి మాండలినేమిటని పెదవి విరిచినవాళ్ళున్నారు. కారణం లేకపోలేదు. మీటిన స్వరం చప్పున చచ్చిపోతుంది, వేలు జార్చి గమకం పలికిద్దామంటే మెట్లు అడ్డు. ఆయన కరెంటు మాండలిన్ తీసుకుని, ఎనిమిది తీగెల్ని ఐదు చేసుకున్నారు. స్వరం నిలబడింది. తొమ్మిదేళ్ళప్పుడే, 1978లో, గుడివాడలో కచేరీ చేసిన మనిషి మరి!

పాత శక్తిలో మెక్‌లాఫ్లిన్ వాయించింది అకౌస్టిక్ గిటార్. ఈ ఆల్బమ్‌లో కరెంటు గిటార్. పక్కన కరెంటు మాండలిన్. రెండూ మీటేవే కదా, ఒకదాని మీద ఒకటి పడి గోల అవ్వాలి. అవదు. గిటార్ జాజ్ ధోరణిలో ఏదో అడుగుతుంది, మాండలిన్ రాగంలో జవాబిస్తుంది. కాసేపటికి అడిగేదెవరో చెప్పేదెవరో తెలియదు. వెనక తబలా, కంజిరా లెక్కలు సరేసరి. వయొలిన్ సాగదీత లేని లోటు పాత అభిమానులకు ఉండొచ్చు. నా ఓటు మాత్రం దీనికే. శంకర్‌లా వాయించే ఇంకొకరిని వెతక్కపోవడమే ఇందులో తెలివి.

శ్రీనివాస్ 2014లో, 45 ఏళ్ళకే, చెన్నైలో కన్నుమూశారు. 2023లో శక్తి ‘దిస్ మూమెంట్’ తెచ్చింది, 2024లో గ్రామీ గెలిచింది. ఈసారి శ్రీనివాస్ చోట ఇంకో మాండలిన్‌ను పెట్టలేదు. గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ వచ్చింది.