ఒప్పుకోలు మార్కులు వేయడానికేనా మేమున్నది?

ఇంట్లో ఉన్న సినిమాలు, పాటలు, పెళ్లి వీడియోలు అన్నీ ఒక కంప్యూటర్లో పెట్టుకుని, టీవీకి ఒక చిన్న డబ్బా తగిలించి చూసుకునే పద్ధతి ఇప్పుడు మన ఊళ్లలోకీ వచ్చింది. దాన్ని హోమ్ సర్వర్ అంటున్నారు. ఆ డబ్బా ఏది కొనాలో మగవాళ్లు రాసుకున్నవి చదువుతుంటే ఒక మాట పదే పదే తగులుతుంది: ‘వైఫ్ యాక్సెప్టెన్స్ ఫ్యాక్టర్’. భార్య ఒప్పుకోలు అన్నమాట. ఈ మాట 1983లో స్టీరియోఫైల్ అనే అమెరికా పత్రికలో స్పీకర్ల గురించి రాస్తూ వాడారట. నలభై ఏళ్లు దాటినా పోలేదు. వైర్లు కనబడకుండా ఉన్నాయా, డబ్బా షోకేసులో అందంగా ఒదిగిందా, ధర వింటే ఆవిడ గొడవ చేస్తుందా? ఇవీ మన మార్కుల పట్టికలో అంశాలు. డబ్బా ఎలా పనిచేయాలో తేల్చేది వాళ్లు, తలకాయ ఊపేది మనం.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఇంట్లో టీవీ ముందు ఉండేదెవరు? మా ఆయన ఆఫీసులో, మా అబ్బాయి హైదరాబాదులో హాస్టల్లో. ఇంట్లో ఉండేది నేనూ, డెబ్బై ఆరేళ్ల మా అత్తమ్మా. రోజూ దాంతో వేగేది మేమైతే, ఒప్పుకోలు అడగాల్సింది ఎవరు ఎవరిని?

అసలు ఆ కంప్యూటర్లో ఏముందో ముందు చెప్పాలి. కొనే డబ్బా దాన్ని బట్టే ఉండాలి, ఈ సంగతి ఎవరూ అడగరు. మా మామయ్య బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేశారు. మా ఆడబిడ్డ పెళ్లి 1994లో శక్కర్‌నగర్ క్వార్టర్లలోనే జరిగింది. ఆ క్యాసెట్లో పెళ్లి సగమే. మిగతా సగం ఫ్యాక్టరీ ఊరు. బరాత్ వెళ్తుంటే వెనక పొగగొట్టం, పక్కన వరుసగా నిలబెట్టిన చెరకు బండ్లు, డ్యూటీ దిగి అట్లే పెళ్లికి వచ్చిన మామయ్య దోస్తులు. ఇప్పుడు వాళ్లలో చాలామంది లేరు. మామయ్యా లేరు.

ఫ్యాక్టరీ కూడా లేదు. నిజాంసాగర్ 1931లో పూర్తయ్యి, ఆ కాలువ నీళ్ల కింద చెరకు పెరిగితే, 1937లో ఏడో నిజాం కాలంలో పెట్టిన ఫ్యాక్టరీ అది. ఆసియాలోనే పెద్దదని చిన్నప్పుడు మాకు గొప్పగా చెప్పేవాళ్లు. 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. మళ్లీ తెరుస్తామన్న మాట ప్రతి ఎన్నికలకూ వినబడుతుంది. అంటే ఆ ఊరు ఊరులా బతికి ఉన్నప్పటి కదిలే బొమ్మలు ఎక్కడున్నాయంటే, మన బీరువాల్లోని పెళ్లి క్యాసెట్లలో ఉన్నాయి. బోధన్, ఎడపల్లి, రెంజల్, కోటగిరి, వర్ని వైపు వాళ్లందరి ఇళ్లలోనూ ఇలాంటివి ఉండే ఉంటాయి. వానాకాలం వస్తే వాటికి బూజు పడుతుంది. వాటిని ఆడించే వీసీఆర్ దొరకదు. లోకంలో చివరిదాకా వాటిని తయారు చేసిన ఫునాయ్ అనే జపాన్ కంపెనీ కూడా 2016 జూలైతో ఆపేసింది.

అందుకే క్యాసెట్లను డీవీడీలకు, డీవీడీల నుంచి కంప్యూటర్‌కి ఎక్కించాం. మెట్ల కింద ఇన్వర్టర్ పక్కన పాత ల్యాప్‌టాప్, దానికి రెండు టెరాబైట్ల డిస్కు, అందులో జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. అంతవరకూ మా అబ్బాయి పుణ్యం. డబ్బా దగ్గరికొచ్చేసరికి ఇంట్లో యుద్ధం మొదలైంది. “అమ్మా, 4కే, డాల్బీ విజన్, అట్మాస్ ఉండాలి” అంటాడు వాడు. డీవీడీకి ఎక్కించిన క్యాసెట్ బొమ్మ అడ్డంగా 720 చుక్కలు, నిలువుగా 576. వాడు చెప్పే 4కే 3840 బై 2160. బొమ్మలో లేని ముఖాన్ని ఏ డబ్బా తెచ్చిపెడుతుంది? మాకు కావలసింది, పాత డీవీడీల ఎంపెగ్-2 వీడియోని నీళ్లు తాగినంత సులువుగా ఆడించేది. కొన్ని డబ్బాలు దాన్ని ఆడించలేవు. కొన్ని ఆడించినా మనుషులు కదిలినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు వస్తాయి. ఈ సంగతి డబ్బా అట్ట మీద ఉండదు.

ఇక్కడ కాస్త ఆగి ఒక మాట చెప్పాలి, దీంట్లోనే డబ్బులన్నీ వృథా అవుతున్నాయి కాబట్టి. సర్వర్ వంట చేసిపెట్టే మనిషి అనుకోండి, డబ్బా తినే మనిషి. పళ్లు గట్టిగా ఉంటే మక్కరొట్టె అట్లే పెట్టొచ్చు. పళ్లు లేకపోతే పాలలో నానబెట్టి, మెత్తగా పిసికి పెట్టాలి. డబ్బాకి ఫలానా రకం వీడియో రాదనుకోండి, సర్వర్ అప్పటికప్పుడు దాన్ని ఇంకో రకంగా మార్చి పంపాలి. ట్రాన్స్‌కోడింగ్ అంటే ఇదే. పాత ల్యాప్‌టాప్ ఆ పనిలో కాలిపోతుంది, ఫ్యాను మోత, బొమ్మ నిమిషానికోసారి ఆగడం. జనం సర్వర్ మంచిది కాదని ఇంకో పాతిక వేలు దానికి పోస్తారు. తప్పు చాలాసార్లు డబ్బాది. జెల్లీఫిన్ డాష్‌బోర్డు తెరిస్తే, ఆడుతున్న వీడియో నేరుగా వెళ్తోందా, మార్చి పంపుతోందా అక్కడే రాసి ఉంటుంది. అది చూడటానికి ఇంజనీరింగ్ అక్కర్లేదు. నేను బీఏ తెలుగు.

ఇంకొక రకం వాళ్లున్నారు: “పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి గుచ్చితే పోయేదానికి ఇంత రాద్ధాంతమా?” అని. న్యాయమైన ప్రశ్నే. కానీ చాలా పెన్‌డ్రైవ్‌లు వచ్చే ఫ్యాట్32 పద్ధతిలో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. పెళ్లి వీడియోని ముక్కలు చేయాలి. పైగా ఆ పెన్‌డ్రైవ్ ఏ పిల్లాడి బ్యాగులోకో పోయిందంటే అంతే. యూట్యూబ్‌లో ఎవరికీ కనబడకుండా పెట్టుకోవచ్చంటారు. మన పెళ్లి క్యాసెట్లు చూశారుగా, మంగళసూత్రానికొక సినిమా పాట, అప్పగింతలకొక సినిమా పాట, మిక్సింగ్ చేసినతను వదిలిందే లేదు. ఆ పాటలకి హక్కుదారులుంటారు, వీడియో మూగబోవచ్చు, అసలు ఆడకుండానూ పోవచ్చు. ఫోటోలు ఎన్నయినా ఉచితంగా దాచుకోమన్న గూగుల్ ఫోటోస్ ఆ ఉచితాన్ని 2021 జూన్ 1 నుంచి ఆపేసింది. ప్లెక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ 2025 ఏప్రిల్ చివర్లో జీవితకాల చందాని 120 డాలర్ల నుంచి 250 డాలర్లకు పెంచి, ఇంటి బయటి నుంచి చూడటానికి కూడా డబ్బు కట్టమంది. మన ఇంట్లో డిస్కు, మన కరెంటు, మన పెళ్లి. దుబాయ్‌లో ఉన్న మనిషి ఇంటి వీడియో చూడాలంటే మధ్యలో ఎవరికో చందా! ఆర్మూరు, బోధన్ వైపు ఎన్ని ఇళ్ల మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్నారో మీకు నేను చెప్పాలా?

సరే, డబ్బాల సంగతికి వస్తాను. టీవీలోనే యాప్ ఉంటే అన్నిటికన్నా సుఖం, కానీ ఆ టీవీ కంపెనీ రెండు మూడేళ్లకి అప్‌డేట్లు మానేస్తే యాప్ మొరాయిస్తుంది. వేలెడంత స్టిక్‌లు చవక. వాటితో నా తగువు వేరే. మా ఇంటికొచ్చిన ఒక కంపెనీ స్టిక్ ఆన్ చేయగానే ప్రకటన వేసేది. మా అత్తమ్మ మధ్య బటన్ నొక్కుతుంది, ఏదో సినిమాకి డబ్బు కట్టమనే పేజీ వస్తుంది. “నేనేం నొక్కిన్నే బిడ్డా? గా పెళ్లి పెట్టమంటే గిదేందో పైసలడుగుతున్నది” అని రిమోట్ పక్కన పెట్టేసేది. పక్కన పెట్టాక మళ్లీ ముట్టేది కాదు. నాకు అసలు నష్టం అక్కడ కనబడింది. ఆ పెద్దావిడ తన మొగుడి ముఖం చూసుకోవడానికి నా చేయి ఖాళీ అయ్యేదాకా ఎదురుచూడాలా?

స్టిక్‌లకి ఇంకో జబ్బు, టీవీ వెనక యూఎస్‌బీ నుంచి కరెంటు ఇస్తే చాలక మధ్యలో మళ్లీ మొదలవుతాయి. దాంతో వచ్చిన అడాప్టర్ గోడకి పెట్టాల్సిందే. వైఫై రెండు గోడలు, ఒక స్లాబు దాటి వచ్చేసరికి నీరసిస్తుంది. అందుకే లాన్ వైరు గుచ్చుకునే రంధ్రం ఉన్న డబ్బా కావాలని పట్టుబట్టాను. వైరు కనబడితే మీకు నచ్చదేమో అనుకున్నారట మావాళ్లు! పదిహేను మీటర్ల వైరు గోడ అంచున క్లిప్పులు కొట్టి నేనే లాగించాను.

ఖరీదైన వాటిలో ఆపిల్ టీవీ 2022లో వచ్చినప్పుడు 14,900 రూపాయలు, లాన్ రంధ్రం ఉన్నదైతే 16,900. బాగుంటుంది, ప్రకటనల గోల తక్కువ. ఎన్విడియా షీల్డ్ అని ఇంకోటి, 2015లో వచ్చిన దానికి పదేళ్ల తర్వాత కూడా అప్‌డేట్ ఇచ్చారు. ఆ విషయంలో దాని కాళ్లకు దండం పెట్టొచ్చు, కానీ మన ఊరి దుకాణాల్లో దొరకదు, అమెరికా నుంచి ఎవరో సూట్‌కేసులో తేవాలి, చెడిపోతే మళ్లీ సూట్‌కేసు. మధ్యరకం గూగుల్ టీవీ డబ్బాలు చాలు మనకి.

ఒక్కదానికి మాత్రం దూరంగా ఉండండి. పేరూ ఊరూ లేని డబ్బా, ‘అన్ని ఛానెళ్లూ జీవితాంతం ఫ్రీ’ అని రెండు వేలకు అమ్మేది. 2024 సెప్టెంబరులో డాక్టర్ వెబ్ అనే కంపెనీ, ఇలాంటి ఆండ్రాయిడ్ డబ్బాలు దాదాపు 13 లక్షలు దొంగ సాఫ్ట్‌వేర్ పట్టి ఉన్నాయని బయటపెట్టింది. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ కూడా హెచ్చరించింది, కొన్నింటిలో కొనకముందే విషం ఉంటోందని. అది మన వైఫైలోనే కూర్చుంటుంది, మన బ్యాంకు యాప్ ఉన్న ఫోనూ అదే వైఫైలో ఉంటుంది. పెద్ద కంపెనీ అయితే నిశ్చింత అని కూడా కాదు. 2025 మార్చిలో గూగుల్ వాళ్ల రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు, లోపలున్న ఒక సర్టిఫికెట్ గడువు తీరి, లోకమంతా ఒకేసారి పని మానేశాయి. కొన్ని రోజులకి సరిచేశారనుకోండి. అందుకే డబ్బా ఎప్పుడైనా పోయేదే అనుకుని కొనాలి; అసలు సొత్తు డిస్కులో ఉండాలి, ఆ డిస్కుకి ఇంకో నకలు ఉండాలి. మా నకలు ఆడబిడ్డ ఇంట్లో ఉంది.

ఇక నా అసలు పేచీ. డబ్బా ఏదైనా కొనండి, కానీ దాని తాళం ఎవరి దగ్గరుంది? ఎన్నో ఇళ్లలో సర్వర్ అడ్మిన్ కొడుకో అల్లుడో. వాడు డల్లాస్‌లో నిద్రపోతుంటాడు, ఇక్కడ కరెంటు పోయి వచ్చాక సర్వర్ లేవదు. తల్లి వాడికి ఫోన్ చేసి, తన పెళ్లి తను చూసుకోవడానికి వాణ్ని బతిమాలుకోవాలి. దాశరథిగారు ఇందూరు ఖిల్లా జైల్లో గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశారు. అవి చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది, కళ్లుంటే చాలు. మన పెళ్లి వీడియోకి పాస్‌వర్డ్, దాని పైన ఇంకో పాస్‌వర్డ్, అవన్నీ ఒక్కడి బుర్రలో. మా అబ్బాయికి గట్టిగా చెప్పాను: రెండో అడ్మిన్ నేను. సర్వర్ ఎలా ఆపాలి, ఎలా లేపాలి, డిస్కు నిండితే ఏం చేయాలి, అన్నీ తెలుగులో నోటుబుక్కులో రాయించుకున్నాను. “ఇంత అవసరమా అమ్మా” అని నవ్వాడు. అవసరమే నాయనా.

ఇప్పుడు మా డబ్బా టీవీ రిమోట్‌తోనే పనిచేస్తుంది. హెచ్‌డీఎంఐ సీఈసీ అని టీవీ సెట్టింగుల్లో ఉంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, దాన్ని ఆన్ చేసుకుంటే రెండో రిమోట్ బాధ తప్పుతుంది. టీవీ తెరవగానే జెల్లీఫిన్ వచ్చేలా చేశాం, మా అత్తమ్మ పేరుతో వేరే ఖాతా పెట్టాం. అందులో ఏడే బొమ్మలు: నాలుగు పెళ్లిళ్లు, ఒక షష్టిపూర్తి, ఒక బతుకమ్మ, ఒక నామకరణం. అక్షరాలు చదవనక్కర్లేదు, ముఖాలు చూసి నొక్కుతుంది.

మీరు కొనబోయే ముందు ఒక పని చేయండి. మీ ఇంటి పాత వీడియో ఒక ముక్క, ఈ మధ్య ఫోన్లో తీసినది ఒక ముక్క పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దుకాణానికి పట్టుకెళ్లండి. డబ్బా టీవీకి పెట్టించి, అవి రెండూ ఆడించి చూపించమనండి. స్టిక్‌కి పెన్‌డ్రైవ్ గుచ్చే చోటు ఉండదు, అలాంటప్పుడు వాపసు గడువెంతో బిల్లు మీద రాయించుకుని తెచ్చి, ఇంట్లో మొదటి రోజే రెండూ ఆడించి చూడండి. రిమోట్ మాత్రం ముందుగా ఇంట్లో అందరికన్నా పెద్దావిడ చేతికి ఇవ్వండి.