డబ్బాలో ఉందా బలం?

ఇంటి దగ్గర నాన్న వేరుశనక్కాయలు అమ్మి పంపిన డబ్బుతో మనలో కొందరు హాస్టల్లో ప్రోటీన్ పొడి డబ్బాలు కొంటున్నారు. 60 కిలోల మనిషికి రోజుకు కావలసిన మాంసకృత్తులు సుమారు 50 గ్రాములు. నూరు గ్రాముల వేరుశనగ గింజల్లోనే దాదాపు సగం దొరుకుతుంది. మిగతాది పప్పన్నం, గుడ్డు, పెరుగు ఇస్తాయి. కండలకోసం ఈ పొడులు వద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పనే చెప్పింది.

అయితే తప్పంతా కుర్రాళ్ళదేనా? మెస్సులో పప్పు నీళ్ళలా ఉంటే, సాయంత్రం ఆరింటికే ఆటస్థలానికి తాళం పడితే, వాళ్ళ చూపు డబ్బామీదికి పోక ఏమవుతుంది? కనుక ఈ ఏడు యూనియన్ గట్టిగా అడగవలసినవి రెండే: చిక్కటి పప్పు, తాళంలేని ఆటస్థలం.