జీరో యాక్సిడెంట్స్ బోర్డు వెనుక

కడుతున్న బిల్డింగ్‌లో ఎవరైనా కింద పడితే ఆ వార్త మొట్టమొదట చేరేది వాట్సాప్ గ్రూపుకే. సూపర్‌వైజర్ ఒక ఫొటో పెడతాడు. కింద ‘సార్, స్మాల్ ఇన్సిడెంట్’ అని రాస్తాడు. సైట్ ఇంజినీర్ ‘హాస్పిటల్‌కి పంపించు’ అంటాడు. ప్రాజెక్ట్ మేనేజర్ నుంచి ఒక బొటనవేలు ఎమోజీ వస్తుంది. అరగంటలో అదే గ్రూపులో సిమెంట్ లోడు ఫొటోలు, ఎవరిదో బర్త్‌డే కేకు, మర్నాడు పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వులు. నెల తర్వాత ఆ ఫొటో కావాలంటే స్క్రోల్ చేసీ చేసీ వేలు నొప్పి పుట్టాల్సిందే.

ఈ గ్రూపు స్థానంలో వాడే యాప్ ఒకటి తయారుచేసే టీంలో నేను పనిచేస్తున్నా. అందుకే ఈ వారం సినిమా, ఫోన్ రివ్యూ లాంటివి పక్కన పెట్టి సైట్ సేఫ్టీ గురించి రాస్తున్నా. బోర్ కొట్టే టాపిక్ అని వెళ్లిపోకండి. లక్డీకాపూల్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో కిటికీ పక్కన నిలబడి చూస్తే కనీసం నాలుగైదు క్రేన్లు, ఆకుపచ్చ వలలు కట్టిన బిల్డింగులు కనిపిస్తాయి. వాటి కింద నుంచే మనం రోజూ నడుస్తున్నాం.

‘ఇంటిగ్రేటెడ్’ అనే మాటని మా సేల్స్ వాళ్లు ప్రతి స్లైడ్‌లోనూ వాడతారు. దాని అసలు అర్థం ఒక ఉదాహరణతో చెప్తా. మూడో అంతస్తులో పరంజా మీద నిలబడి ప్లాస్టరింగ్ చేస్తున్న మేస్త్రీ జారాడనుకోండి. ఒక చెక్క ఊడి ఉంది, కాలు దిగబడింది, మోకాలు చీరుకుపోయింది. ఇప్పుడు ఈ సంగతి ఎక్కడెక్కడ ఉంటుంది? దెబ్బ సంగతి ఫస్ట్ ఎయిడ్ రిజిస్టర్‌లో ఉంటుంది. అతను ఆ రోజు పనికొచ్చాడన్నది గేటు దగ్గర వేలిముద్ర మెషిన్‌లో. ఏ పేటీ కాంట్రాక్టర్ మనిషో బిల్లుల ఎక్సెల్ షీట్‌లో. ఆ పరంజా ఎక్కొచ్చని పొద్దున సంతకం పెట్టిందెవరో పర్మిట్ పుస్తకంలో. ఇన్సూరెన్స్ కాగితాలు హెడ్ ఆఫీస్‌లో. ఐదు చోట్ల ఐదు ముక్కలు. ఒకదానికొకటి పరిచయం లేదు.

అన్నీ కలిసిన సిస్టమ్‌లో అయితే సూపర్‌వైజర్ ఫోన్‌లో ఒక్క రిపోర్ట్ తెరుస్తాడు. టైము, స్థలం వాటంతటవే పడతాయి. మనిషి ఐడీ కొట్టగానే కాంట్రాక్టరు, ఎత్తులో పనిచేసే ట్రైనింగ్ అయిందో లేదో, ఎన్ని గంటల నుంచి డ్యూటీలో ఉన్నాడో వచ్చేస్తాయి. డ్రాయింగ్ మీద వేలు పెడితే ఏ అంతస్తు, ఏ మూల అన్నది గుర్తు పడుతుంది. అసలు మజా ఇక్కడుంది: అదే ముఠా కట్టిన మిగతా పరంజాలన్నింటికీ పర్మిట్ ఆగిపోతుంది, ఎవరైనా వెళ్లి చూసి ఫొటో పెట్టేదాకా. అంటే ఒకడి మోకాలు చీరుకుపోయినందుకు మిగతా పదిమంది మోకాళ్లు మిగులుతాయి. టవర్ క్రేన్ల సంగతీ అంతే. గాలి వేగం కొలిచే పరికరం, బరువు ఎక్కువైతే అరిచే పరికరం క్రేన్ మీదే ఉంటాయి. వాటి అరుపు ఆపరేటర్ చెవి దాకానే వెళ్తే ఒక లెక్క, సేఫ్టీ ఆఫీసర్ ఫోన్‌కి కూడా వెళ్తే ఇంకో లెక్క.

ఇది మన ఊరికి కొత్త కూడా కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 చేసిందేంటి? అంబులెన్సుకొకటి, పోలీసుకొకటి, ఫైర్‌కొకటి నంబర్లు గుర్తుపెట్టుకునే బాధ లేకుండా ఒక్క కాల్‌తో పని నడిపించింది. ప్రమాదం జరిగాక పరుగెత్తడం మనకు బాగానే వచ్చు. జరగబోయేదాన్ని పట్టుకోవడంలోనే ఉంది తిప్పలంతా.

2007 సెప్టెంబర్ 9న పంజాగుట్టలో కడుతున్న ఫ్లైఓవర్ కూలింది. కింద ట్రాఫిక్ ఉంది, మనుషులు చనిపోయారు. అప్పటికి రెండు వారాల కిందే గోకుల్ చాట్, లుంబినీ పార్కులో బాంబులు పేలాయి. ఊరంతా ఆ భయంలో ఉండగా ఇది. నాకప్పుడు ప్రైమరీ స్కూల్ వయసు. 2016 డిసెంబర్‌లో నానక్‌రామ్‌గూడలో కడుతున్న బిల్డింగ్ కూలి 11 మంది పోయారు. 2024 మే 7న పెద్ద వాన పడ్డ రాత్రి బాచుపల్లిలో కడుతున్న అపార్ట్‌మెంట్ రిటైనింగ్ వాల్ పక్కనే ఉన్న లేబర్ షెడ్ల మీద పడింది. 7 గురు చనిపోయారు, అందులో నాలుగేళ్ల పిల్లాడు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కుటుంబాలు.

బాచుపల్లి లాంటి చోట కావాల్సిన సమాచారం మూడే మూడు ముక్కలు. గోడ ఎంత ఎత్తు, ఎంత మట్టిని ఆపుతోంది అన్నది డ్రాయింగ్‌లో ఉంటుంది. వాన ఎంత పడొచ్చో వాతావరణ శాఖ చెప్తుంది, మన ఫోన్‌కే వస్తుంది. షెడ్లు ఎక్కడ వేశారో సైట్ ప్లాన్‌లో ఉండాలి. మూడింటినీ ఒక స్క్రీన్ మీదికి తెచ్చి ‘ఈ రాత్రి ఈ షెడ్లు ఖాళీ చేయించండి’ అని మెసేజ్ పంపడానికి ఏఐ అక్కర్లేదు. ఇంజినీరింగ్ సెకండియర్ పిల్లలు మినీ ప్రాజెక్ట్‌గా చేసేయగలరు.

అయితే కోడ్ రాసేవాళ్లకు కూడా వణుకు పుట్టించేది ఎస్‌ఎల్‌బీసీ. 2025 ఫిబ్రవరి 22, నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర. చాలాకాలం ఆగిపోయిన సొరంగం పని మళ్లీ మొదలైన కొద్ది రోజులకే, లోపల దాదాపు 14 కిలోమీటర్ల దగ్గర పైకప్పు కూలి నీళ్లు, బురద ముంచెత్తాయి. 8 మంది చిక్కుకుపోయారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ వాళ్లు. ఆ తర్వాత టెక్నాలజీ అంతా దిగింది. భూమి లోపల చూసే రాడార్‌తో ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు, ఆర్మీ, ఎన్‌డీఆర్‌ఎఫ్, సింగరేణి, రోబోలు, ర్యాట్ హోల్ మైనర్లు, కేరళ నుంచి శవాలను పసిగట్టే కుక్కలు. నెల రోజులు గడిచాక కూడా దొరికినవి రెండు మృతదేహాలే.

ఇంకో విషయం తర్వాత పేపర్లలో వచ్చింది. 2020లోనే ఒక సర్వే నివేదిక ఆ ప్రాంతంలో రాయి బలహీనంగా ఉందని, నీళ్లున్నాయని హెచ్చరించిందట. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. హెచ్చరిక ఒక ఫైల్‌లో ఉంది. మనుషులు సొరంగంలో ఉన్నారు. మధ్యలో ఐదేళ్లు. ఆ పీడీఎఫ్‌లోని ఒక లైను, మెషిన్ ఫలానా మీటర్ దాటుతుండగా స్క్రీన్ మీద ఎర్రగా వెలిగేలా ఉండాలి. ‘ఇంటిగ్రేషన్’ అంటే నాకు అర్థమయ్యేది అదే. ఎవరి మెయిల్‌బాక్స్‌లోనో పడుకున్న వాక్యాన్ని లేపి, దాని అవసరం ఉన్న మనిషి ముందు నిలబెట్టడం.

ఇప్పటిదాకా మా కంపెనీ బ్రోచర్‌లా ఉంది కదా? ఇక బ్రోచర్‌లో లేనిది.

లక్డీకాపూల్ మెట్రో దిగి నడిచి వెళ్లేంత దూరంలో ఒక సైట్‌కి అప్పుడప్పుడు వెళ్తుంటా. పేరొద్దు. గేటు దగ్గర ‘ప్రమాదం లేని రోజులు’ అని బోర్డు, దాని మీద మూడంకెల సంఖ్య. డ్యాష్‌బోర్డ్ కూడా పచ్చటి పొలంలా ఉంటుంది. బయట టీ కొట్టు దగ్గర రాడ్ బెండింగ్ చేసే ఒకతను కలిశాడు, పాలమూరు వైపు మనిషి. ఎడమ చేతికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. ఏమైందన్నా అంటే, ‘రాడ్ గీసుకుంది సార్. రాపిస్తే రెండ్రోజులు కూసోమంటరు. కూసుంటే కూలి ఎవరిస్తరు?’ అన్నాడు. టీ తాగేసి లోపలికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు చట్టం చూడండి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం ప్రకారం, మరణం జరిగినా, దెబ్బ తగిలిన మనిషి 48 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ పనికి రాలేకపోయినా అధికారులకు తెలియజేయాలి. దాని స్థానంలో తెచ్చిన 2020 నాటి కోడ్, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. అందులోనూ ఆ 48 గంటల లెక్క అలాగే ఉంది. నెల జీతగాడికి ఈ లెక్క సరిగ్గా సరిపోతుంది. జ్వరం వస్తే నేను సిక్ లీవ్ పెడతా, సిస్టమ్‌లో పడుతుంది. రోజు కూలీకి? చేతికి గుడ్డ కట్టుకుని మర్నాడు పొద్దున్నే గేటులో వేలిముద్ర వేస్తాడు. కంప్యూటర్ దృష్టిలో ఆ ప్రమాదం జరగనే లేదు. కాంట్రాక్టర్ అబద్ధం చెప్పలేదు, సాఫ్ట్‌వేర్ తప్పు లెక్క వేయలేదు, బోర్డు మీద అంకె మాత్రం పెరిగిపోతూనే ఉంది. ఆకలి నొక్కేసిన రిపోర్ట్ అది.

1931లో హెర్బర్ట్ హైన్‌రిక్ అనే అమెరికా ఇన్సూరెన్స్ ఉద్యోగి ఒక లెక్క చెప్పాడు: ఒక పెద్ద ప్రమాదానికి వెనుక 29 చిన్న గాయాలు, దెబ్బ తగలకుండా తప్పిపోయినవి 300 ఉంటాయని. ఆ అంకెల్ని ఇప్పుడు చాలామంది నిపుణులు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడానికి మంచి కారణాలే ఉన్నాయి. అంకెలు వదిలేయండి. ‘చిన్నవి ఒక్కటీ లేకుండా ఏడాది గడిచింది’ అని ఏ సైట్ అన్నా నేను ఆ సైట్ పక్కనుంచి నడిచేటప్పుడు పైకి చూసే నడుస్తా. రాడ్ బెండింగ్, సెంట్రింగ్, షట్టరింగ్ విప్పడం... ఈ పనుల్లో వారానికి ఒక గీత అయినా పడని చెయ్యి ఉంటుందా?

విమానాల వాళ్లు ఈ చిక్కుని 1976లోనే పట్టుకున్నారు. అమెరికాలో పైలట్లు తమ పొరపాట్లు తామే చెప్పుకునే పద్ధతి పెట్టారు. తెలివైన పనేంటంటే, ఆ రిపోర్టులు తీసుకునేది శిక్షలు వేసే విమానయాన శాఖ కాదు, నాసా. పేర్లు తీసేసి దాచుతారు. ఎవరి చేతిలో లైసెన్సు లాక్కునే అధికారం ఉందో వాళ్ల చేతికి రిపోర్టు ఇవ్వమంటే ఎవరిస్తారు చెప్పండి? మన సైట్లలో రిపోర్టు వెళ్లేది సూపర్‌వైజర్ ద్వారా. అతను మేస్త్రీని అడుగుతాడు, మేస్త్రీ ముఠాలో మనిషిని తీసేస్తాడు. మర్నాటి నుంచి అందరి నోళ్లకూ తాళం.

కాబట్టి యాప్ ఎంత స్మార్ట్ అన్నదానికంటే మొదటి స్క్రీన్ ఎలా ఉంది అన్నది నాకు ముఖ్యం. మా టీంలో దీని మీద పెద్ద గొడవే నడిచింది. ఇరవై గడుల ఫారం ఎవరూ నింపరు. ఇప్పుడున్న పద్ధతి: క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, మైకు గుర్తు నొక్కి, ఒడియాలోనో హిందీలోనో తెలుగులోనో మాట్లాడేసి వదిలేయొచ్చు. పేరు అడగదు. ఆ క్యూఆర్ స్టిక్కర్ ఎక్కడ అంటించాలన్నది ఇంకో గొడవ. ఆఫీస్ క్యాబిన్ తలుపు మీద అన్నారు కొందరు. మంచినీళ్ల డ్రమ్ము దగ్గరైతేనే ఎవరూ చూడకుండా స్కాన్ చేయగలరు. చివరికి డ్రమ్ము గెలిచింది.

ఏఐ కెమెరాల మోజు గురించి కూడా ఒక మాట. హెల్మెట్ పెట్టుకోనివాడిని కెమెరా క్షణంలో పట్టేస్తుంది, ఎర్ర గడి గీస్తుంది, డెమోలో చప్పట్లు పడతాయి. ఆ గడి చివరికి ఆ రోజు కూలీలో కోతగా మారితే అది సేఫ్టీ కాదు, చలాన్. అదే కెమెరాని రెయిలింగ్ లేని స్లాబ్ అంచునీ, మూత లేని లిఫ్ట్ గుంతనీ, ఆసరా లేకుండా తవ్విన సెల్లార్ గోడనీ చూడమనొచ్చు. అప్పుడు ఎర్ర గడి కాంట్రాక్టర్ బిల్లు మీద పడుతుంది. ఏది కొంటారో కొనేవాళ్ల ఇష్టం. ఇప్పటిదాకా నాకు తగిలిన కస్టమర్లలో ఎక్కువమంది హెల్మెట్ ఫీచర్ గురించే అడిగారు.

గవర్నమెంట్ వైపు కూడా పునాది లేకపోలేదు. మన బిల్డింగ్ పర్మిషన్లు ఆన్‌లైన్‌లోనే ఇస్తున్నారు, 2020 నవంబర్‌లో దానికోసం టీఎస్ బీపాస్ మొదలైంది. ఎన్ని సెల్లార్లు, ఎన్ని అంతస్తులు, ప్లాన్ ఏంటి, అన్నీ ఒక నంబర్ కింద ఉంటాయి. అదే నంబర్‌కి ప్రమాదాల రికార్డు కూడా తగిలించి జనం చూసేలా పెడితే ఎలా ఉంటుంది? ఫ్లాట్ కొనేటప్పుడు వాస్తు చూస్తాం, బ్యాంక్ లోన్ అప్రూవల్ చూస్తాం. ఆ గోడ కట్టేటప్పుడు ఎవరికేమైందో కూడా ఒక క్లిక్‌లో చూడగలిగితే బిల్డర్ల లెక్కలు మారతాయి.

కూలీ తనంతట తానే ఈ సిస్టమ్‌లోకి రావాలంటే అతనికి దాంట్లోంచి ఏదో ఒకటి చేతికి రావాలి. దానికీ దారి ఉంది. కార్మిక సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవాలంటే వయసు 18 నుంచి 60 మధ్య ఉండాలి, గడిచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. నమోదైతే ప్రమాదంలో సాయం అందుతుంది. ఆ డబ్బు బిల్డర్ల దగ్గర నిర్మాణ ఖర్చు మీద వసూలు చేసే సెస్సులోంచే వస్తుంది. కానీ చాలామంది 90 రోజుల రుజువు దగ్గరే ఆగిపోతారు. ముగ్గురు మేస్త్రీలు మారి ఉంటారు, ఎవరు సంతకం పెడతారు?

ఆ రుజువు గేటు దగ్గర వేలిముద్ర మెషిన్‌లో ఉంది. రోజూ పొద్దున, సాయంత్రం, ఒక్క పూట కూడా తప్పకుండా. దాన్ని ఆ మనిషి పేరు మీద ఒక్క పేజీగా అతని ఫోన్‌కి పంపే బటన్ ఒకటి కావాలని అడుగుతున్నా. రాయడానికి నాకు రెండు రోజులు పడుతుంది. ‘క్లయింట్ అడగలేదు కదా’ అని మూడు నెలలుగా పక్కన పెడుతున్నారు. వచ్చే సోమవారం మీటింగ్‌లో మళ్లీ లిస్టులో పెట్టా.