ఒంటిమీది చారలు: పెద్దలకొక మనవి



ఆడపిల్లల ఒంటిని గురించి మగవాడు, అందునా అరువది దాటినవాడు, పత్రికకు ఉత్తరము వ్రాయుట బాగుండదని మా ఇంటిలోనే అన్నారు. అయినను వ్రాయుచున్నాను. ఏలయనగా ఈ విషయములో తప్పు చేసినవాడను నేనే.

మా మనుమరాలు పదునొకండవ తరగతి చదువుచున్నది. రెండేండ్ల క్రిందట ఒక్క సంవత్సరములోనే మూడంగుళములు పెరిగినది. ఆ పెరుగుదలతో పాటు చంకల ప్రక్కన, భుజముల క్రింద ఎఱ్ఱని చారలు పడినవి. బంధువుల ఇంట ఒక శుభకార్యములో ఒక పెద్దావిడ అందరి యెదుట, "ఏమే పాపా, పెండ్లి కాకముందే ఈ చారలేమే?" అని నవ్వినది. ఆమె వేళాకోళమునకే అన్నది కావచ్చును. కాని ఆ నాటి నుండి పిల్ల పొట్టి చేతుల రవిక తొడుగుట మానినది. బడిలో ఆటలకు పోవుట మానినది.

ఆ బాధ చూడలేక నేనొక మందుల అంగడికి పోయి అడిగితిని. చారలు పోవును, ఒళ్లు తెల్లబడును అని చెప్పి ఒక గొట్టము చేతికిచ్చినారు. డాక్టరు చీటీ వారు అడుగలేదు, నేనును చూపలేదు. ముప్పది యేండ్లకు పైగా సర్కారు కచేరీలో ప్రతి కాగితమునకు ఆధారము అడిగిన గుమాస్తాను, పిల్ల ఒంటికి రాయు మందుపై ఏమి వ్రాసియున్నదో చదువనే లేదు. మూడు మాసములు గడచునప్పటికి చారలు రెట్టింపు వెడల్పైనవి. చర్మము ఉల్లిపొరవలె పలుచబడి లోపలి నరములు కనబడసాగినవి. అప్పుడు హోసూరులో చర్మవైద్యునికి చూపించితిమి. ఆయన గొట్టము త్రిప్పి చూచి, "పెద్దాయనా, ఇది చారలు పోగొట్టే మందు కాదు, చారలు తెప్పించే మందు" అన్నారు. అందున్నది క్లోబెటసాల్ అను గట్టి స్టెరాయిడ్.

ఆయన చెప్పినదియు, తరువాత నేను చదివి తెలిసికొన్నదియు పదిమందికి ఉపయోగపడునని ఇక్కడ వ్రాయుచున్నాను.

డాక్టర్లు స్ట్రెచ్ మార్కులు అనెడు ఈ చారలు రోగము కావు, అంటువ్యాధి అంతకన్న కావు. మా సూళగిరి ప్రాంతమున టమోటా పండించువారికి ఇది తేలికగా బోధపడును. చాలనాళ్లు ఎండి, ఒక్కసారిగా వాన పడినచో కాయ లోపల త్వరగా ఉబ్బును. పైతొక్క ఆ వేగమునందుకొనలేక చీలును. మన చర్మమందును అంతే. పైపొర క్రింద దానిని పట్టి యుంచు సన్నని పోగులున్నవి. శరీరము త్వరగా పెరిగినప్పుడు ఆ పోగులు తెగి, లోపలనే గాయము మాని మచ్చ కట్టును. మొదట ఎఱ్ఱగానో ఊదాగానో ఉండి, నెలలు గడచిన కొలది తెల్లబడి అణగిపోవును. గర్భిణులలో సగము మందికి పైగా ఇవి వచ్చును. ఎదిగెడు మగపిల్లల నడుము వెనుక అడ్డగీతలుగా వచ్చును. కసరత్తు చేసి త్వరగా కండ పెంచిన యువకుల భుజములపైనను వచ్చును. కావున పెండ్లికిని చారలకును ముడిపెట్టుట అజ్ఞానము.

గర్భిణి పొట్ట గోకికొన్నచో చారలు పడునని మన ఇండ్లలో కోడండ్లను కోప్పడుదురు. చర్మము సాగుట వలన దురద పుట్టుచున్నది. చారలు లోపలి చీలిక వలన పడుచున్నవి, గోళ్ల వలన కాదు. పాపము ఆ పిల్ల దురదయు ఓర్చుకొని మాటయు పడవలసి వచ్చుచున్నది. కొబ్బరినూనె గాని ఆముదము గాని రాచిన చర్మము మెత్తబడి దురద తగ్గును. అంతవరకు మంచిదే. చారలు రాకుండ ఆపునన్న మాట మాత్రము నిలువదు. కోక్రేన్ సంస్థవారు 800 మంది స్త్రీలపై జరిగిన 6 పరీక్షలను 2012లో పరిశీలించి, గర్భిణులు రాచుకొను ఏ లేపనమును చారలను ఆపినట్లు గట్టి ఆధారము లేదని తేల్చినారు. నూనెకు చెల్లని మాట వందల రూపాయల సీసాకు మాత్రము ఎట్లు చెల్లును?

చికిత్స లేదా అని అడుగుదురు. కొంత కలదు. చారలు ఎఱ్ఱగానున్న క్రొత్తలో ట్రెటినోయిన్ అను మందును డాక్టరు చూచి ఇచ్చినచో కొంత తగ్గవచ్చును. గర్భిణులు దానిని వాడరాదు. లేజరు, సూదులతో చేయు చికిత్సయు కలవు. అవి పలుమార్లు చేయించుకొనవలెను, ఖర్చును ఎక్కువే. మన చామనచాయ ఒంటికి లేజరు వలన నల్లమచ్చలు పడు భయమున్నది. ఏది చేసినను చారలు పలుచబడునే గాని పూర్తిగా చెరిగిపోవు. పూర్తిగా పోగొట్టెదమని ఎవరు చెప్పినను నమ్మరాదు.

ఒక్క జాగ్రత్త చెప్పవలెను. వెడల్పైన ఊదా చారలతో పాటు ముఖము గుండ్రముగా ఉబ్బుట, చిన్న తాకిడికే ఒళ్లు కమలుట, రక్తపోటు, నీరసము ఉన్నచో వెంటనే డాక్టరుకు చూపవలెను. అది లోపలి గ్రంథుల వ్యాధి కావచ్చును, లేక చాలకాలము మ్రింగిన స్టెరాయిడ్ మాత్రల ఫలితము కావచ్చును. ఆ మాత్రలను మనంతట మనము హఠాత్తుగా మానరాదు. దూరము పోలేని వారికి 2022 జనవరిలో ప్రారంభమైన కృష్ణగిరి ప్రభుత్వ వైద్యకళాశాల మన జిల్లాలోనే ఉన్నది.

ఇక చట్టము సంగతి. కేంద్రప్రభుత్వము 2018లో 14 రకముల స్టెరాయిడ్ లేపనములను షెడ్యూలు హెచ్‌లో చేర్చినది. అనగా డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదు. ఉత్తర్వు కాగితము మీద నున్నది, గొట్టము బల్లమీద నుండి చేతికి వచ్చుచున్నది. అధికారులు తనిఖీ చేయవలెను. కొనువారును క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అను పేర్లు కనబడినచో చీటీ లేకుండ తీసికొనరాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద మోసపు ప్రకటనలకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా కలదు. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకొనవచ్చును.

అయితే ఏ చట్టమునకును లోబడనిది మన ఇండ్లలోని నోరు. చీలిన టమోటాను వ్యాపారి బుట్టలో నుండి ఏరి పారవేయును, అది సంత లెక్క. ఆడపిల్లను ఆ లెక్కన చూడతగునా? గొట్టము తెచ్చినది నేను, నిజమే. కాని నన్ను అంగడికి నడిపించినది ఆ పెద్దావిడ నవ్వు. ఆ పూట అక్కడనే కూర్చుండి, "ఎదిగే పిల్లకు అవి మామూలే లేమ్మా" అని ఒక్క మాట నేననియున్నచో మందే అవసరమయ్యెడిది కాదు.

మా ఇంటిదానికి నలుగురు బిడ్డలు. డాక్టరును చూచి వచ్చిన రాత్రి ఆమె మనుమరాలిని లోపలి గదికి పిలిచి తన పొట్టమీది చారలు చూపినదట. "ఇవన్నీ మీ నాయన చేసిన పని. వాని వెనుక పుట్టినవాండ్లు ఒక్క గీతయు కొత్తగా పెట్టలేదు" అన్నదట. లోపలి నవ్వు వసారాలోనున్న నాకు వినబడినది. నలువది యేండ్ల కాపురములో ఆ చారలను గురించి ఆమె ఒక మాట పలుకుట నేనెరుగుట అదే మొదలు. ఆమె ఎన్నాళ్లు దాచుకొన్నదో నేనడుగలేదు.

గొట్టము చేసిన చారలు మా పిల్లకు పోవని డాక్టరు చెప్పినారు. చర్మము కొంత గట్టిపడినది. కొన్ని దినములు పొడుగు చేతులే తొడుగుచున్నది, కొన్ని దినములు మరచి పొట్టివి తొడుగుచున్నది. మొన్నటి బడి పోటీలలో పరుగెత్తి వచ్చినది. నాకంతే చాలును.

ఈ ఉత్తరము చదివిన పెద్దలకు నా మనవి ఒక్కటే. పిల్ల ఒంటిమీద చార కనబడినచో చూచి ఊరకుండుడు. బాధపడుచున్నచో అంగడికి గాక డాక్టరు వద్దకు తీసికొనిపొండు.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక గుమాస్తా,
సూళగిరి