లినక్సులో ఆటలూ, ఓ గ్రాఫిక్స్ కార్డూ, మా తమ్ముడి పాతికవేలూ

పోయిన ఆదివారం పొద్దున్నే గుంటూరు నుంచి ఫోను. మా బాబాయి కొడుకు, బీటెక్ మూడో సంవత్సరం. "అన్నయ్యా, నాన్న పాతికవేలు ఇస్తానన్నాడు. గ్రాఫిక్స్ కార్డు ఏది కొనమంటావ్?" అని. వేరే ఎవరైనా అడిగితే రెండు నిమిషాల్లో ఓ పేరు చెప్పి ఫోను పెట్టేసేవాణ్ణి. కానీ ఇక్కడో చిక్కుంది. వాడి కంప్యూటర్లో విండోస్ పీకేసి లినక్స్ ఎక్కించింది నేనే. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అరిసెలు నముల్తూ ఆ ఘనకార్యం చేశాను. "దీంట్లో కూడా ఆటలు ఆడుకోవచ్చురా, నాదీ పూచీ" అన్నది కూడా నేనే. కాబట్టి ఇప్పుడు ఆ పాతికవేలకి కూడా పూచీ నాదే అయి కూర్చుంది.

నామటుకు నేను చెప్పేదొకటే. విండోస్‌లో ఆడేవాళ్ళు కార్డు చూసి కొనుక్కుంటారు, లినక్సులో ఆడేవాళ్ళు ముందు డ్రైవరు చూసుకోవాలి. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, ఓపిక పట్టండి.

విండోస్ ఆటల్లో చాలామటుకు డైరెక్ట్ ఎక్స్ భాషలో మాట్లాడతాయి. లినక్సుకి ఆ భాష రాదు, దానికొచ్చింది వల్కన్. మధ్యలో ఎవరో ఒకరు అనువాదం చెయ్యాలి. 2018 ఆగస్టులో వాల్వ్ వాళ్ళు ప్రోటాన్ అని విడుదల చేశారే, అది ఆ పనే చేస్తుంది. అందులో డైరెక్ట్ ఎక్స్ 11, అంతకు ముందు వాటి సంగతి డీఎక్స్‌వీకే చూసుకుంటుంది, 12 సంగతి వీకేడీ3డీ-ప్రోటాన్ చూసుకుంటుంది. అచ్చం డబ్బింగ్ సినిమా లాగే అన్నమాట. తమిళ హీరో పెదాలకి తెలుగు మాట సరిపోవాలి, లేకపోతే నవ్వొస్తుంది. ఇక్కడ పెదాలు కుదిరాయా లేదా అన్నది వల్కన్ డ్రైవరు ఎంత బాగుందన్నదాని మీద ఆధారపడుతుంది. ఒక్కోసారి ఒరిజినల్ కంటే డబ్బింగే బాగుంటుంది కూడా! ఇంటెల్ వాళ్ళు తమ ఆర్క్ కార్డుల్లో పాత డైరెక్ట్ ఎక్స్ 9 ఆటలు విండోస్‌లో సరిగ్గా ఆడక, చివరికి కొన్నిటికి ఈ డీఎక్స్‌వీకేనే వాడుకున్నారు. లినక్సు వాళ్ళ కోసం రాసింది విండోస్ వాళ్ళని ఆదుకుందన్నమాట. నాకీ సంగతి ఎప్పుడు గుర్తొచ్చినా భలే హుషారుగా ఉంటుంది :-)

సరే, ఎవరి డ్రైవరు ఎలా ఉంది?

ఏఎండీ వాళ్ళది చూద్దాం. ఇవ్వాళ అందరం నెత్తిన పెట్టుకుంటున్నాం గానీ, ఒకప్పుడు వీళ్ళ కార్డు లినక్సులో నడపడమంటే నరకమే. 2006లో ఏటీఐని కొన్నాక కూడా చాలాకాలం ఎఫ్‌జీఎల్ఆర్ఎక్స్ అనే మూసిపెట్టిన డ్రైవరే గతి. కథ మలుపు తిరిగింది 2015లో, ఏఎండీజీపీయూ అనే డ్రైవరు లినక్స్ 4.2 కెర్నెల్లోకి వచ్చాక. మరుసటేడు రాడ్‌వీ అనే వల్కన్ డ్రైవరు మొదలైంది. తమాషా ఏంటంటే దాన్ని మొదలెట్టింది ఏఎండీ కాదు, రెడ్ హ్యాట్‌లో పనిచేసే డేవ్ ఎయిర్లీ, అప్పటికి బయటివాడైన బాస్ న్యూవెన్‌హౌజెన్. కంపెనీ తన సొంత డ్రైవరు తెరిచే లోపల వీళ్ళు పని కానిచ్చేశారు. తర్వాత వాల్వ్ వాళ్ళు మనుషుల్ని పెట్టి ఏసీఓ అనే షేడర్ కంపైలరు రాయించారు. ఆటలో కొత్త చోటికి వెళ్ళగానే బొమ్మ టక్కున ఆగి మళ్ళీ కదలడం ఉంటుందే, దాన్ని బాగా తగ్గించింది అదే. 2022లో వచ్చిన స్టీమ్ డెక్‌లో ఉన్నది కూడా ఏఎండీ చిప్పే, దాని మీద నడిచేది లినక్సే. అంటే వాల్వ్ వ్యాపారం ఈ డ్రైవరు మీద ఆధారపడి ఉంది. ఊరికే మంచితనం మీద ఆధారపడ్డ డ్రైవరు కంటే ఎవడి జేబుకో ముడిపడ్డ డ్రైవరు మీద నాకు నమ్మకం ఎక్కువ.

పైగా వాడేవాడు ప్రత్యేకంగా చెయ్యాల్సింది ఏమీ ఉండదు. కెర్నెల్లోనూ, మెసాలోనూ డ్రైవరు ముందే ఉంటుంది. కార్డు గుచ్చు, మీట నొక్కు, అంతే.

ఇక ఎన్విడియా. 2012లో ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లైనస్ టోర్వాల్డ్స్ కెమెరా వైపు తిరిగి వీళ్ళకి వేలు చూపించిన ముచ్చట అందరికీ తెలిసిందే. ఆ వీడియో చూసి ఇప్పటికీ "లినక్సులో ఎన్విడియా పనికిరాదు" అనేవాళ్ళున్నారు. అది అన్యాయం. 2022 మేలో వాళ్ళు కెర్నెల్ మాడ్యూళ్ళ సోర్సు తెరిచారు (ట్యూరింగ్, ఆ తర్వాతి కార్డులకి మాత్రమే). 2024లో 555 డ్రైవరుతో వేలాండ్ మీద తెర మిణుకుమిణుకుమనే రోగానికి మందు దొరికింది. డీఎల్ఎస్ఎస్ ప్రోటాన్‌లో కూడా పనిచేస్తుంది. రే ట్రేసింగు కావాలంటే వీళ్ళే మెరుగు. క్యూడా సంగతి సరేసరి, ఆఫీసులో మోడళ్ళు ట్రైన్ చేసే మిత్రుడు అడిగితే నేను కూడా కళ్ళు మూసుకుని ఎన్విడియానే కొనమంటాను. సిద్ధాంతం కోసం ఉద్యోగం పోగొట్టుకోమనలేం కదా.

అయినా మా తమ్ముడికి మాత్రం వద్దనే అంటాను. కెర్నెల్ వైపు తెరిచారు గానీ అసలు వల్కన్ భాగం ఇంకా మూసే ఉంది. డిస్ట్రో అదే కట్టి ఇస్తే ఫరవాలేదు గానీ, లేకపోతే కెర్నెల్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మాడ్యూలు మళ్ళీ కంపైల్ అవ్వాలి. సెక్యూర్ బూట్ ఆన్ చేసి ఉంటే దానికి సంతకం చేసుకోవాలి. నేను పక్కనుంటే అదేం పెద్ద పని కాదు. రాత్రి పదకొండింటికి గుంటూరులో నల్ల తెర ముందు కూర్చున్న కుర్రాడికి ఫోనులో "కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కు" అని చెప్పడం ఉంది చూశారూ... అది పెద్ద పనే. ఇంకో సంగతి కూడా ఉంది. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1060 లాంటి పాస్కల్ కార్డులకి 580 వరసే ఆఖరి డ్రైవరు అని 2025లో కంపెనీ ప్రకటించింది. తొమ్మిదేళ్ళు చూశారు, తప్పుపట్టలేం. కానీ అదే 2025 చివర్లో, 2012 నాటి రేడియాన్ హెచ్‌డీ 7970 కాలపు కార్డులని పాత డ్రైవరు నుంచి ఏఎండీజీపీయూలోకి మార్చే పని కెర్నెల్లో చేరింది. చేసింది కూడా కంపెనీ కాదు, వాల్వ్ తరఫున పనిచేసే డెవలపరు. సోర్సు బయట ఉంటే కంపెనీ వదిలేసిన దాన్ని కూడా ఇంకెవరో ఎత్తుకుంటారు. ఒకసారి కొన్న కార్డుని ఏడెనిమిదేళ్ళు లాగే మనలాంటి ఇళ్ళల్లో ఇది చిన్న విషయం కాదు.

ఇంటెల్ గురించి రెండు ముక్కలు. 2024 డిసెంబరులో వచ్చిన ఆర్క్ బీ580లో 12 జీబీ మెమరీ ఉంది, డ్రైవరు మొత్తం తెరిచిందే. నాకు వీళ్ళంటే అభిమానం. కానీ ఒకే ఒక్క కార్డు కొనుక్కోగల కుర్రాడి మీద నా అభిమానం రుద్దలేను.

ఏఎండీతో ఏ బాధా ఉండదని కాదు. హెచ్‌డీఎమ్ఐ 2.1కి తెరిచిన డ్రైవరు రాస్తామంటే 2024లో హెచ్‌డీఎమ్ఐ ఫోరమ్ ఒప్పుకోలేదు. కాబట్టి 4కే టీవీకి 120 హెర్ట్జ్ మీద ఆడాలని కార్డు కొనేవాళ్ళు ఇది ముందు తేల్చుకోవాలి. మానిటరు అయితే డిస్‌ప్లేపోర్ట్ కేబులు వేసుకుంటే గొడవ లేదు. రెండోది, మరీ కొత్త కార్డు కొనకండి. ఇది నా స్వానుభవం. ఓసారి ఉత్సాహం ఆపుకోలేక మార్కెట్లోకి వచ్చిన నెలలోనే ఒకటి కొని, రెండేళ్ళ నాటి కెర్నెల్ ఉన్న స్టేబుల్ డిస్ట్రోలో గుచ్చాను. డెస్క్‌టాప్ వచ్చింది గానీ మౌసు ఎడ్లబండిలా కదుల్తోంది. చూస్తే కార్డు ఖాళీగా కూర్చుని ఉంది, బొమ్మంతా సీపీయూ గీస్తోంది. తప్పు పూర్తిగా నాదే. కెర్నెలూ, మెసా, ఫర్మ్‌వేరు మూడూ కార్డు కంటే కొత్తవి అయ్యుండాలి. ఆ వారాంతం అలా పోయింది.

ఇవన్నీ లెక్కేసి వాడికి ఆర్ఎక్స్ 6600 అన్నాను. 2021 అక్టోబరులో వచ్చింది, 8 జీబీ. వాడి మానిటరు 1080పీ, దానికి చాలు. ఇంకో మంచి గుణం, 132 వాట్లే తింటుంది. వాడి క్యాబినెట్లో ఉన్నది కొట్టువాడు ఊరికే ఇచ్చిన ఎస్ఎంపీఎస్. స్టిక్కరు మీద 450 అని ఉంటుంది, ఆ అంకె మీద నాకైతే నమ్మకం లేదు. అందుకే మిగిలిన డబ్బుల్లో ముందు మంచి ఎస్ఎంపీఎస్ కొనమన్నాను. సికింద్రాబాదు సీటీసీలోనూ, ఆన్‌లైన్లోనూ ధరలు వారానికోలా మారుతున్నాయి కాబట్టి ఇక్కడ రాయను. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు మాత్రం కార్డుని ఎదురుగా అరగంటైనా నడిపించి చూసుకోండి. 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగు ఆగిపోయాక రాత్రీపగలూ అరిగిన కార్డులు బోలెడు బజార్లోకొచ్చాయి.

ఇదంతా వాడికి ఉపన్యాసంలా చెప్పి, సంతోషంగా ఫోను పెట్టేయబోతుంటే వాడు మెల్లగా అడిగాడు. "అయితే అన్నయ్యా, ఈ కార్డు వేస్తే వాలరెంట్ ఆడొచ్చు కదా?"

నాకు నోట మాట రాలేదు. సంక్రాంతి నుంచీ వాడు అనుకుంటున్నది, తన పాత కార్డు చాలక ఆ ఆట రావట్లేదని. హాస్టల్లో ఫ్రెండ్సంతా రాత్రిళ్ళు కలిసి ఆడుతుంటే వీడు సెలవుల్లో ఇంటి దగ్గర ఒక్కడే ఏవో పాత ఆటలు ఆడుకుంటున్నాట్ట. వాలరెంట్‌కి వాన్‌గార్డ్ అని ఓ కాపలాదారుడుంటాడు, విండోస్ కెర్నెల్లో కూర్చుంటాడు. ప్రోటాన్ ఆట మాటల్ని అనువదించగలదు గానీ విండోస్ కెర్నెల్ డ్రైవరుని లినక్స్ కెర్నెల్లో కూర్చోబెట్టలేదు. లక్ష రూపాయల కార్డు తెచ్చినా అంతే. ఫోర్ట్‌నైట్ కూడా రాదు. ఎపెక్స్ లెజెండ్స్ అయితే చక్కగా నడుస్తుండగా 2024 అక్టోబరులో లినక్సు వాళ్ళని బయటికి పంపేశారు. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 నడుస్తాయి, ఒంటరిగా ఆడే ఆటలు చాలామటుకు హాయిగా నడుస్తాయి. ఇదంతా నాకు సంక్రాంతికే తెలుసు. వాడు ఏ ఆట ఆడతాడో అడగాలని మాత్రం తోచలేదు.

అందుకే ఈ విషయంలో నా అభిప్రాయం ఈ ఒక్క వారంలో కొంచెం మారింది. ఎవరైనా కార్డు గురించి అడిగితే ఇకనుంచి ముందు ఆటల పేర్లు రాయించుకుంటాను, ప్రోటాన్‌డీబీలో ఒక్కొక్కటీ చూస్తాను, ఆ తర్వాతే కార్డు మాట. మన సిద్ధాంతాలకి ఇంకొకళ్ళ స్నేహాలు తాకట్టు పెట్టడం నాకు నచ్చలేదు, ఆ తప్పు చేసింది నేనే అయినా.

మళ్ళీ రాత్రికి ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఓ చిన్న ఎస్ఎస్‌డీ కొని దాంట్లో విండోస్ వేసుకోమన్నాను, లినక్సు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. వాడు ఏమీ అనుకోలేదు, "పోనీలే అన్నయ్యా" అన్నాడు. పక్కనుంచి బాబాయ్ ఫోను లాక్కుని, "ఏరా, కార్డుకి పాతికవేలు, మళ్ళీ విండోస్‌కి ఇంకో డబ్బానా? అసలు ముందున్న విండోస్ ఎందుకు తీశావురా?" అన్నాడు.

ఎస్ఎస్‌డీ నేనే పంపిస్తానని చెప్పాను.