పిల్లల ప్రాణానికి చందాల లెక్కేనా?

ఈమధ్య మన వాడల్లోకి ఒక కొత్త చందా వచ్చింది. రాములోరి కల్యాణానికి కాదు, జాతరకి కాదు, అంబేద్కర్ విగ్రహానికి కూడా కాదు. సెల్‌ఫోనులో ఒక పిల్ల ఫోటో వస్తుంది. గుండు, ముక్కులో గొట్టం, పక్కన ఏడుస్తున్న తల్లి. కింద నాలుగు ముక్కలు: రక్త క్యాన్సర్, అమెరికాలో వైద్యం, ఇన్ని కోట్లు కావాలి, ఇన్ని రోజులే గడువు. చూసినోళ్ళ కడుపు తరుక్కుపోతుంది. కూలికి పోయొచ్చిన అక్క కూడా కొంగు ముడి విప్పి వంద రూపాయలు ఇస్తుంది.

ఆ వంద రూపాయల్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. మేమూ మాట్లాడం. చావుబతుకుల్లో ఉన్నోళ్ళకి సాయం పట్టడం మన వాడలకి కొత్త కాదు. చావు జరిగిన ఇంటికి ఇంటింటా బియ్యం పోగు చేసి పంపేది మనమే. అయితే ఆ వంద ఎవరి పిల్లకి చేరుతోంది, ఎవరి పిల్లకి చేరటం లేదు అని అడగాలి. అడక్కపోతే మన దయ మనల్నే మోసం చేస్తుంది.

ఒక పిల్ల పేరున కోటి రూపాయలు పోగవ్వాలంటే ఏం కావాలి? ఆ పిల్ల కథని ఇంగ్లీషులో రాసేవాళ్ళు కావాలి. అమెరికాలో మేనమామో, బాబాయి కొడుకో ఉండాలి. తండ్రి పనిచేసే కంపెనీలో వేలమంది జీతగాళ్ళు ఉండాలి. పేపరులో వార్త వేయించగల పెద్దమనిషి తెలిసుండాలి. మరి మన పిల్లకి ఎవరున్నారు? తండ్రి ఫోనులో ఉన్న నంబర్లన్నీ మేస్త్రీవి, ట్రాక్టరు డ్రైవరువి, తోటి కూలోళ్ళవి. అందరూ తలా వంద వేసినా హైదరాబాదులో నెల రోజుల తిండికి సరిపోవు. ఊళ్ళో భూమి ఎవరిదో, విదేశాల్లో చుట్టాలూ ఎక్కువగా వాళ్ళకే ఉన్నారు. చందాకి కులం లేదంటారు. చందా చుట్టరికం దారిన నడుస్తుంది, చుట్టరికం కులం దారిన నడుస్తుంది. ఇచ్చే చేతిలో దయ ఉండొచ్చు. ఆ చేతి దాకా పోయే దారి మాత్రం మన వాడ గుండా వెయ్యలేదు.

అందుకని చందాలే వద్దంటామా? అనం. పిల్లల క్యాన్సర్ కోసం జనం దగ్గర పెద్ద ఎత్తున డబ్బు పోగు చేసిన కథ ఒకటుంది. అది మన వాళ్ళందరికీ తెలియాలి.

1948 మే నెలలో అమెరికాలోని బోస్టన్ ఆస్పత్రి నుంచి ఒక 12 ఏళ్ళ పిల్లవాడి మాటలు రేడియోలో దేశమంతా విన్నారు. వాడికి క్యాన్సర్. వ్యవసాయం చేసుకునే ఇంటి బిడ్డ. వాడి అసలు పేరు చెప్పలేదు, బొమ్మ చూపలేదు. ‘జిమ్మీ’ అని మారుపేరు పెట్టారు. ఆటలు చూసుకోడానికి వాడికో టీవీ కొనిపెట్టమని అడిగితే జనం 2 లక్షల డాలర్లకు పైగా పంపారు. ఆ డబ్బు ఒక్క పిల్లవాడి ఇంటికి పోలేదు. ‘జిమ్మీ ఫండ్’గా నిలబడింది. 1952 నాటికి పిల్లల క్యాన్సర్ వైద్యానికీ పరిశోధనకీ ఒక కట్టడమే లేచింది. జిమ్మీ చనిపోయుంటాడని లోకం అనుకుంది. 50 ఏళ్ళ తర్వాత, 1998లో, ఆ జిమ్మీని నేనేనని ఆయన బయటికొచ్చాడు. అప్పటికి మనవల్ని ఎత్తుకున్న తాత.

దీని వెనక డాక్టరు సిడ్నీ ఫార్బర్. రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలు వారాల్లో చచ్చిపోయే ఆ రోజుల్లో 16 మందికి ఆయన ఒక మందు ఇచ్చాడు. 10 మందికి కొంతకాలమైనా రోగం తగ్గింది. 1948లో ఆ సంగతి ప్రకటించాడు. ఆ మందు పేరు అమినోప్టెరిన్. లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో దాన్ని తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1923లో బోస్టన్ చేరాడు. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సాయం, మామగారి సాయం ఉంటేనే పోగలిగాడు. ఆ మందుకి చెల్లెలు లాంటి మెథోట్రెక్సేట్ ఈనాటికీ పిల్లల రక్త క్యాన్సర్ వైద్యంలో ఉంది.

ఇంకో ఊరు చూడండి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్ళకి వేరే నల్లా, వేరే బెంచీ, వేరే ఆస్పత్రి వార్డు ఉన్న రోజులవి. 1962లో మెంఫిస్ పట్టణంలో సెయింట్ జూడ్ పిల్లల ఆస్పత్రి తెరిచారు. లెబనాన్ నుంచి వలసొచ్చిన కుటుంబంలో పుట్టిన డానీ థామస్ అనే నటుడు తన జనం దగ్గర చందాలు పోగు చేసి కట్టించాడు. నల్ల పిల్లా తెల్ల పిల్లా ఒకే వార్డులో పడుకున్నారు. వైద్యానికి తల్లిదండ్రుల దగ్గర బిల్లు వసూలు చెయ్యరాదన్నారు. ఈనాటికీ చెయ్యరు. 1968లో పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకి అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపింది ఆ పట్టణంలోనే. అలాంటి ఊళ్ళో కూడా చందా డబ్బు అందరి పిల్లలకీ తలుపు తీసింది. ఎందుకంటే ఆ డబ్బుని ఒక్కరి పేరున అడిగి ఊరుకోలేదు. చందా ఒక పిల్ల పేరున మొదలవ్వొచ్చు, ముగిసేది మాత్రం అందరి పిల్లల దగ్గర కావాలి. మేం చెప్పదల్చుకున్నది ఇదే.

ఇక మన దగ్గరికొద్దాం. పిల్లలకొచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా వచ్చేది రక్త క్యాన్సర్. డబ్బున్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా బాగవుతున్నారని, చాలా పేద దేశాల్లో 30 మంది కూడా బాగుకావటం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ తేడా అంతా అమెరికా మందు వల్లే అనుకుంటే పొరపాటు. మెథోట్రెక్సేట్, మెర్కాప్టోప్యూరిన్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసొలోన్ - ఇవన్నీ పాత మందులే, మన దేశంలో తయారయ్యేవే. హైదరాబాదులో 1955 నుంచీ ఎం.ఎన్.జె. ఆస్పత్రి ఉంది. విశాఖపట్నంలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలకి, ఆంధ్రలో 25 లక్షలకి పెంచారు.

మరి పిల్లలు ఎందుకు పోతున్నారు? ఈ వైద్యం రెండు మూడేళ్ళు సాగుతుంది. తల్లి పట్నంలో పిల్లని పట్టుకుని కూర్చుంటుంది. తండ్రి కూలి పోతుంది. ఇంటి దగ్గర చిన్నోడు ముసలమ్మ దగ్గర ఏడుస్తుంటాడు. ఆస్పత్రి మెట్ల మీద పడుకోవాలి, బయట తిండి కొనుక్కోవాలి. మేక అమ్ముతారు, చెవుల కమ్మలు తాకట్టు పెడతారు, ఆసామి దగ్గర అప్పు చేస్తారు. మూడు నెలలకి పిల్ల కాస్త తేరుకుంటుంది, జుట్టు మొలుస్తుంది. ‘బాగైందిలే, దేవుడు చూశాడు’ అని ఇంటికొచ్చేస్తారు. రోగం మళ్ళీ తిరగబెడుతుంది. దీన్ని డాక్టర్లు ‘వైద్యం మధ్యలో మానెయ్యటం’ అని కాయితం మీద రాసుకుంటారు. మానేసింది ఎవరు? తల్లా? ఆ తల్లికి ఒక గదీ, రెండు పూటల కూడూ, పోయిన కూలీ ఇవ్వని సర్కారా? మన పిల్లల్ని చంపుతున్నది అమెరికాకున్న దూరం కాదు. మన వాడకీ పట్నం ఆస్పత్రికీ మధ్యనున్న దూరం.

అయితే విదేశీ వైద్యం అంతా మోసమా? అదీ కాదు. కొందరు పిల్లలకి ఇక్కడి మందులు పనిచెయ్యవు, రోగం మళ్ళీమళ్ళీ వస్తుంది. అలాంటివాళ్ళ కోసం కొత్త వైద్యం పుట్టింది. పేరు కార్-టీ. పిల్ల రక్తంలోని తెల్లకణాలు తీసి, క్యాన్సర్‌ని గుర్తుపట్టేలా ప్రయోగశాలలో మార్చి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. 2012లో ఫిలడెల్ఫియాలో మొదటిసారి ఒక చిన్నపిల్ల దీంతో బతికింది. 2017లో అమెరికా సర్కారు అనుమతిచ్చినప్పుడు కంపెనీ పెట్టిన ధర 4,75,000 డాలర్లు. అప్పటి లెక్కన 3 కోట్ల పైమాటే. ప్రయాణం, బస, ఆస్పత్రి ఖర్చులు వేరే. ఆరోగ్యశ్రీ విదేశాలకి రాదు. అట్లాంటి తల్లి ఎవరి ముందు చెయ్యి చాచాలి?

కానీ ఆ తర్వాత జరిగింది కూడా తెలుసుకోవాలి. బొంబాయి ఐఐటీ, టాటా మెమోరియల్ కలిసి పనిచేసి అదే రకం వైద్యాన్ని ఇక్కడే తయారుచేశాయి. నెక్స్‌కార్19 అనే ఆ వైద్యానికి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. ధర సుమారు 40 లక్షలన్నారు. జనం పన్నులతో నడిచే చదువులబడి, ఆస్పత్రి తల్చుకుంటే కోట్లు లక్షలకి దిగాయి. అయితే 40 లక్షలు మాత్రం మన ఇంట్లో ఉన్నాయా? పైగా ఆ అనుమతి 15 ఏళ్ళు, ఆ పైబడినవాళ్ళకే ఇచ్చారు. మరి ఆరేళ్ళ పిల్ల సంగతేంటి? ఇదీ మనం అడగాల్సిన ప్రశ్న. సర్కారు సొమ్ముతో పుట్టిన వైద్యం సర్కారు ఆస్పత్రిలో, సర్కారు ఖర్చుతో, చిన్నపిల్లలకి కూడా ఎప్పుడు అందుతుంది?

‘పిల్ల చచ్చిపోతుంటే హక్కులు మాట్లాడతారా?’ అని కొందరు కోప్పడతారు. వాళ్ళ కోపం న్యాయమే. మేం చెప్పేది చందా ఆపమని కాదు. రాత్రి చందా పట్టండి, పొద్దున అర్జీ పెట్టండి. డబ్బు లేదనే సాకు సర్కారుకి చెల్లదని కోర్టులే అన్నాయి. 1992లో బెంగాల్‌లో రైల్లోంచి పడ్డ ఒక కూలిని సర్కారు ఆస్పత్రులు మంచాలు లేవని తిప్పి పంపితే, ఖేత్ మజ్దూర్ సమితి కోర్టుకెళ్ళింది. అది బతికే హక్కుని కాలరాయటమేనని 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2014లో ఢిల్లీలో ఒక రిక్షా తొక్కే తండ్రి, నెలకి లక్షలు ఖర్చయ్యే పుట్టు రోగమున్న కొడుకు కోసం హైకోర్టుకెళ్ళాడు. ఆ పిల్లవాడికి సర్కారే వైద్యం చేయించాలని కోర్టు చెప్పింది. ఆ తండ్రికి అమెరికాలో చుట్టాలు లేరు. రాజ్యాంగం ఉంది.

వాడల్లో పనిచేసే అన్నలకీ అక్కలకీ కొన్ని మాటలు.

ఒకటి. చందా మొదలుపెట్టకముందే రోగం పేరు, చెయ్యాల్సిన వైద్యం, అది మన దేశంలో ఉందా లేదా, ఎంత ఖర్చు - ఇవన్నీ డాక్టరు చేత కాయితం మీద రాయించుకోండి. టాటా లాంటి పెద్దాస్పత్రిలో ఇంకో డాక్టరు మాట కూడా తీసుకోండి. ‘అమెరికా తీస్కపోతే ఖాయం’ అనే దళారీ మాట మీద ఇల్లు అమ్ముకోవద్దు.

రెండు. ఆరోగ్యశ్రీ, ముఖ్యమంత్రి సహాయనిధి, ప్రధానమంత్రి సహాయనిధి - మూడింటికీ కాయితాలు కదపండి. ఎమ్మెల్యే, ఎంపీ ఉత్తరం అడగటం అడుక్కోవటం కాదు, వాళ్ళచేత పని చేయించుకోవటం. వైద్యానికి పోయే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపరు టికెట్ డబ్బులు లేవు, తోడు పోయేవాళ్ళకీ రాయితీ ఉంది. ఆస్పత్రి నుంచి ఆ కాయితం అడిగి తీసుకోండి.

మూడు. డబ్బు ఒక్కరి చేతిలో ఉంచొద్దు. ముగ్గురి పేర్న ఖాతా తెరవండి. ఆ ముగ్గురిలో ఒకరు ఆడమనిషి కావాలి. బిల్లు నేరుగా ఆస్పత్రికి కట్టండి. నెలకోసారి వాడ మధ్యన నిలబడి లెక్క చదవండి. మిగిలిన డబ్బు, లేదా పిల్ల దక్కకపోతే ఉన్న డబ్బు, ఎవరికి పోవాలో మొదటి రోజే అందరి ముందూ తేల్చండి. ఏడ్చే ఇంట్లో ఆ మాట తర్వాత ఎత్తటం ఎవరి వల్లా కాదు.

నాలుగు. పిల్ల ఒంటి మీద బట్టలు తీసి, ఏడిపించి ఫోటో తియ్యొద్దు. తల్లినడగండి, మాటొచ్చిన పిల్ల అయితే పిల్లనీ అడగండి. జిమ్మీ బొమ్మ చూపకుండానే ఒక దేశం డబ్బిచ్చింది. మన పేదరికం చూపించి అడుక్కోనక్కర్లేదు.

ఐదు. పట్నం ఆస్పత్రి పక్కన మన పిల్లలకీ తల్లులకీ ఉండే చోటు, వైద్యం నడిచినన్నాళ్ళూ తల్లికి రోజు కూలి - ఈ రెండూ ప్రతి సభలో, ప్రతి అర్జీలో పెట్టండి. ముంబైలో 2006 నుంచీ సెయింట్ జూడ్ ఇండియా అనే సంస్థ ఇలాంటి వసతి ఉచితంగా ఇస్తోంది. ఒక సంస్థ చెయ్యగలిగింది సర్కారు చెయ్యలేదా?

బాబాసాహెబ్ అంబేద్కర్‌కీ రమాబాయికీ ఐదుగురు పిల్లలు పుడితే నలుగురు పసితనంలోనే పోయారు. ఆ కడుపుకోత తెలిసిన మనిషి మనకి రాసిచ్చింది దయాపత్రం కాదు, రాజ్యాంగం. రేపు మీ ఫోనులోకి ఇంకో పిల్ల బొమ్మ వస్తుంది. చేతనైనంత ఇవ్వండి. ఇచ్చి ఊరుకోకండి. ఆ పిల్ల పేరు మీదే కలెక్టరాఫీసు దగ్గరికి పది మందిని తోలుకుపొండి. మన వంద రూపాయలకి అప్పుడే విలువ.

జై భీమ్!