అక్టోబరు ఒకటా, నవంబరు ఒకటా

రాష్ట్ర అవతరణ దినమైన నవంబరు 1కి ముందు రోజు మా ఊరి కూడలిలో పొట్టి శ్రీరాములు గారి విగ్రహాన్ని కడుగుతారు. ఏడాది పొడవునా భుజాల మీద పేరుకున్న కాకిరెట్టలు గీకి, కళ్లజోడు తుడిచి, మెడలో బంతిపూల దండ వేస్తారు. ఆ దండ చూసినప్పుడల్లా నాకు ఒకటే సందేహం. ఆయన ప్రాణం పెట్టింది నవంబరు 1 కోసమేనా?

1952 అక్టోబరు 19న మద్రాసులో, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో శ్రీరాములు గారు దీక్షకు కూర్చున్నారు. 58 రోజులు ఉండి డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. ఆయన అడిగింది మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయిన ఆంధ్ర రాష్ట్రం. మరణించిన నాలుగు రోజులకే నెహ్రూ ప్రకటన వచ్చింది. 1953 అక్టోబరు 1న 11 జిల్లాలతో, కర్నూలు రాజధానిగా, ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రిగా ఆ రాష్ట్రం ఏర్పడింది. నవంబరు 1 నాటికి, అంటే 1956లో తెలంగాణ వచ్చి కలిసేనాటికి, ఆయన పోయి నాలుగేళ్లు కావస్తోంది.

అయినా నవంబరు 1 వైపు వాదన బలమైనదే. ఆంధ్రప్రదేశ్ అనే పేరు పుట్టింది ఆ రోజునే. 2014 విభజన చట్టం తెలంగాణను కొత్త రాష్ట్రంగా ఏర్పాటు చేసింది. మిగిలిన ప్రాంతం పాత పేరుతోనే కొనసాగింది. అన్నదమ్ములు వేరుపడ్డారని గృహప్రవేశం చేసిన తేదీ మారదు కదా అని ఒక పెద్దాయన నాతో వాదించారు. ఆయన తరానికి బళ్లో నేర్పిన పుట్టినరోజు అదే. తెలుగువాళ్లంతా ఒక్కచోట ఉండాలన్న విశాలాంధ్ర కోరిక ఆ రోజున తీరింది. ఆ కోరికలో స్వార్థం తప్ప ఇంకేం లేదనడం అన్యాయం. తెలంగాణలోనూ దాన్ని మనసారా కోరుకున్నవాళ్లు ఉన్నారు.

తోటి రాష్ట్రాలకు ఈ చిక్కే లేదు. అదే రోజున కేరళ పుట్టింది, కన్నడ ప్రాంతాలు కలిసి విశాల మైసూరు అయింది. దాని పేరు కర్ణాటకగా మార్చడానికి కూడా వాళ్లు 1973లో నవంబరు 1నే ఎంచుకున్నారు. 1956లో ఆ రోజునే పాత హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలైంది. మరాఠ్వాడా బొంబాయి వైపు, కన్నడ జిల్లాలు మైసూరు వైపు వెళ్లాయి, తెలంగాణ ఆంధ్రతో కలిసింది. మొదటి రెండు కలయికలకు లేని బాధ మూడోదానికి మిగిలింది.

ఆ బాధకు కారణాలున్నాయి. రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను అప్పటికి విడిగానే ఉంచమంది. 1961 ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపమంది. అంతవరకు ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు ప్రాంతాల నాయకులు పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలన్నది అందులో ఒక మాట. తొలి మంత్రివర్గంలోనే ఆ పదవి లేదు. 1969లో రాజుకున్న ప్రత్యేక తెలంగాణ ఉద్యమపు నిప్పుకు ఇలాంటివెన్నో కారణం. తెలంగాణ ఉద్యమకారులు నవంబరు 1ని విద్రోహ దినంగా పాటించారంటే తప్పుపట్టలేను. ఇల్లే పంచుకున్నాక గృహప్రవేశపు తేదీకి పండగ చేయడమెందుకని ఆ పెద్దాయనను అడగాలనిపించింది. నొచ్చుకుంటారని ఊరుకున్నాను.

అక్టోబరు 1 కూడా అచ్చంగా సంతోషపు రోజేం కాదు. మద్రాసు నగరం చేజారింది. బళ్లారి మైసూరుకు పోయింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం మనకు దక్కాయి. కోస్తా నాయకులు రాయలసీమకు శ్రీబాగ్ ఒడంబడికలో ఇచ్చిన మాట నిలబెట్టుకుని కర్నూలుకు రాజధాని ఇచ్చారు గానీ అక్కడ సరిపడా భవనాలు లేవు. గుడారాల్లో ఆఫీసులు నడిచాయి, మద్రాసు నుంచి వచ్చిన ఉద్యోగులు గుడారాల్లోనే కాపురాలు పెట్టారు. ఎండకు కాగిన గుడ్డ కింద ఫైళ్లు విప్పి, కొత్త రాష్ట్రం పేరుతో మొదటి ఉత్తర్వులు రాసినవాళ్లు వాళ్లు. మూడేళ్ల ఒక నెల తర్వాత రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. మనం వేడుక చేసుకునే నవంబరు 1 కర్నూలువాళ్లకు రాజధాని పోయిన రోజు. ఈ సంగతి కోస్తాలో ఎక్కువమందికి తట్టదు.

2014 తర్వాత కొన్నేళ్లు నవంబరు వేడుక ఆపి, జూన్ 2న నవ నిర్మాణ దీక్ష అన్నారు. 2019లో మళ్లీ నవంబరు 1కే వచ్చారు. జూన్ 2 తెలంగాణ పండగ. మనకు అది పండగ కాలేదు.

నా మనసు అక్టోబరు 1 వైపే మొగ్గుతుంది. ఇప్పటి రాష్ట్రం దాదాపు ఆనాటి 11 జిల్లాల రాష్ట్రమే. అచ్చంగా అదే కాదు, ఆనాడు తూర్పు గోదావరిలో ఉన్న భద్రాచలం పట్నం ఇప్పుడు తెలంగాణలో ఉంది. కానీ అక్టోబరు 1 వెనక ఒక మనిషి ఆకలి ఉంది. పక్కవాడి మనసు నొప్పించకుండా చేసుకోగల పండగ కూడా అదే. నవంబరు 1న సెలవూ వేడుకా లేకపోయినా, బళ్లో ఒక పీరియడ్ పెట్టి ఢిల్లీలో పెద్దమనుషులు ఏం రాసుకున్నారో, అందులో ఏది జరిగిందో ఏది జరగలేదో పిల్లలకు చెబితే బాగుంటుంది. శ్రీరాములు గారి విగ్రహాన్ని కడిగే పని మాత్రం సెప్టెంబరు 30న పెట్టుకుందాం.